ఉగాది సభకి ఈసారి సినిమావాళ్ళు రాలేదు, పేటలో పనిచేసేవాళ్ళు మాట్లాడారు. ఎవరెవరు వెళ్ళారు?

పెరంబూర్ పిల్లోడు:
అందరికీ నమస్కారం. నిన్న సాయంత్రం మా పెరంబూర్ సైడు ఉగాది సభకి వెళ్ళొచ్చా. ప్రతి ఏడూ ఏం జరుగుద్దో తెలిసిందేగా, కార్డులో ఆరింటికని వేస్తారు, ఎనిమిదిన్నరకి ఎవరో పాత నటుడు దిగుతాడు, చెన్నై తెలుగువాళ్ళంటే నాకు ప్రాణం అంటాడు, శాలువా, సెల్ఫీ, పులిహోర పొట్లం, ఇంటికి. ఈసారి కమిటీలో కుర్రాళ్ళు పట్టుబట్టి (సినిమావాళ్ళని పిలవడానికి డబ్బుల్లేక అని కూడా అంటున్నారు, అది వేరే సంగతి) ఏరియాలో తిరిగి పనిచేసే నలుగుర్ని కూర్చోబెట్టి మీ కథ మీరే చెప్పండి అన్నారు. ఐసీఎఫ్‌లో (రైలు పెట్టెల ఫ్యాక్టరీ) రిటైరైన ఒక బాబాయి, తెలుగు మీడియం బడిలో చేసిన టీచరమ్మ, ఒక లేడీ కౌన్సిలరు, పారిశుధ్య కార్మికుల యూనియన్‌లో తిరిగే ఒకావిడ. పేర్లు ఇక్కడ రాయను, వాళ్ళని అడగలేదు కాబట్టి.

ముందు బాబాయి సంగతి చెప్తా. ఈయన పొద్దున్నే టిఫిన్ చేసి సెంట్రల్ స్టేషన్ ఎదురుగా జీహెచ్‌కి (ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి) పోతాడు, ఉద్యోగమేం కాదు. నెల్లూరు, గూడూరు, తిరుపతి వైపు నుంచి రైలు దిగి వచ్చే పేషెంట్లు ఉంటారు కదా, చేతిలో ఫైలు, సంచి, బోర్డులు చూస్తే తమిళం ఇంగ్లీషు, ఏ బిల్డింగుకి పోవాలో తెలీదు, చీటీ ఎక్కడ రాయించాలో తెలీదు. వాళ్ళ పక్కన నిలబడి డాక్టరు చెప్పింది తెలుగులో చెప్పడం, వీళ్ళు చెప్పింది తమిళంలో డాక్టరుకి చెప్పడం, స్కాన్ డేటు ఒక కాగితం మీద పెద్ద అక్షరాల్లో రాసివ్వడం, అంతే ఆయన పని. ఎట్లా మొదలైందంటే వాళ్ళావిడని చేర్పించినప్పుడు పక్క బెడ్డులో ఒక గూడూరు ముసలాయన, ఆపరేషన్‌కి ఒప్పుకుంటావా అని అడిగితే అర్థంగాక అన్నిటికీ తలూపుతున్నాడంట. ఈయన లేచెళ్ళి తాతా, వాళ్ళడిగేది కాలు తీసెయ్యమంటావా అని, అని చెప్పాడు. ఆ ముసలాయన అప్పుడు ఏడ్చాడంట, తర్వాత కొడుకుని పిలిపించి మాట్లాడుకుని ఒప్పుకున్నాడంట. ఆవిడ డిశ్చార్జ్ అయ్యాక కూడా ఈయన పోవడం మానలేదు.

ఇంకా రక్తం సంగతి. బాబాయి దగ్గర ఒక నోటుబుక్ ఉంది, కాలనీ కుర్రాళ్ళందరి గ్రూపులు, ఎవరు ఎప్పుడిచ్చారో డేట్లతో సహా. మగవాళ్ళు మళ్ళీ ఇవ్వాలంటే 90 రోజులు, ఆడవాళ్ళు 120 రోజులు ఆగాలి, అది చూసుకునే ఫోను చేస్తాడు. ఒకడు ఉత్సాహంగా మళ్ళీ వస్తానంటే పోరా, ఇంకా డేటు కాలేదు అని తిట్టి పంపాడంట. హాలంతా నవ్వులు.

మిగతావాళ్ళ గురించి వెళ్ళినవాళ్ళు రాయండి.

మింట్ స్ట్రీట్ మామ:
బాగా రాసినావయ్యా. నేను మోకాళ్ళ నెప్పులతో రాలేకపోయినా. మన ఊళ్ళో ఇది కొత్తేం కాదు, కాకపోతే మనవాళ్ళు మర్చిపోయినారు. టీ నగర్‌లో చీరలు కొనేవాళ్ళల్లో ఎంతమందికి తెలుసు ఆ టీ ఎవరో? పిట్టి త్యాగరాయ శెట్టిగారు, దేవాంగుల ఇంటి తెలుగాయన, 1920లో జస్టిస్ పార్టీ గెలిస్తే గవర్నరు పిలిచి మంత్రివర్గం ఏర్పాటు చెయ్యమంటే నాకొద్దు అని సుబ్బరాయలు రెడ్డియార్‌ని చూపించినాడు. తను మాత్రం కార్పొరేషన్‌లోనే ఉన్నాడు. అదే 1920లో థౌజండ్ లైట్స్ కార్పొరేషన్ బడిలో పిల్లలకి మధ్యాహ్నం టిఫిన్ పెట్టించినాడు, పిల్లకి రోజుకి అణా మించకుండా ఖర్చు. ఎందుకంటే ఆకలికి బీద పిల్లకాయలు బడికి రావడం మానేస్తున్నారని. ఇప్పుడు తమిళనాడంతా ఉన్న పొద్దున టిఫిన్ స్కీము 2022లో కొన్ని బళ్ళలో మొదలుపెట్టినారు గదా, దాని ముత్తాత ఇది. చీఫ్ మినిస్టర్ కుర్చీ వద్దని కార్పొరేషన్ బడిలో ఉప్మా సంగతి చూసుకునేవాడు ఈ రోజుల్లో దొరుకుతాడా చెప్పండి.

నెల్లూరోడు అంబత్తూరు:
మామా అది ఉప్మానే అని మీకెట్టా తెలుసు 😄

మింట్ స్ట్రీట్ మామ:
తెలీదు, మాటకి అన్నా. నువ్వు పని చూసుకో.

ఓటేరి అక్క:
నేను సభకి వెళ్ళాను, ఆ యూనియన్ అక్క మా అమ్మతో పాటు పని చేసింది కాబట్టి. మామగారు చెప్పింది కరెక్టే గానీ ఒక మాట, మనం పాతవాళ్ళ గురించి చెప్పుకున్నప్పుడల్లా డబ్బున్న ఇళ్ళవాళ్ళే వస్తారు. మా ఓటేరి, పులియంతోపు, వ్యాసర్‌పాడి లైన్లలో తెలుగు మాట్లాడే పారిశుధ్య కార్మికుల ఇళ్ళు ఎన్నో తరాలుగా ఉన్నాయి, మీ సభల్లో మమ్మల్ని తెలుగువాళ్ళ లెక్కలో ఎప్పుడు వేశారో నాకైతే గుర్తు లేదు. నిన్న మొదటిసారి ఆ అక్కని స్టేజీ మీద చూశా.

ఆవిడ ఏం మాట్లాడిందో రాస్తా. సగం తెలుగు సగం తమిళం, మాకదే వచ్చు. చదివింది ఎనిమిదో క్లాసు. మొదట్లో జీతం స్లిప్పు చదవడం రాక పక్కింటి కాలేజీ పిల్లాడి దగ్గర నేర్చుకుందంట, పీఎఫ్ అంటే ఏంది, ఈఎస్ఐ అంటే ఏంది, ఎంత కోశారు, ఎంత కట్టారు. తర్వాత లైన్లో ఆడవాళ్ళందరివీ చదివిపెట్టడం మొదలుపెట్టింది. ఒక కాంట్రాక్టరు (పేరు చెప్పలేదు) పీఎఫ్ కోసి కట్టలేదని దొరికింది అట్లానే. పోయి గొడవ పెట్టుకోలేదు, అందరి స్లిప్పులు, పాస్‌బుక్ ప్రింట్లు పక్కపక్కన అంటించి ఆఫీసులో ఇచ్చింది. కాగితం చూస్తే వాళ్ళకి నోరు రాలేదు అంది.

ఇంకోటి. వాళ్ళ చుట్టాల్లో ఒకబ్బాయి మురుగు మ్యాన్‌హోల్‌లో దిగి చనిపోయాడు. మనుషులతో మలం ఎత్తించకూడదని 1993లో ఒక చట్టం, రక్షణ లేకుండా మురుగులోకి మనిషిని దింపకూడదని 2013లో ఇంకో చట్టం వచ్చాయి, అయినా దింపుతారు. 2014లో సుప్రీంకోర్టు ఇట్లా పోయినవాళ్ళ కుటుంబానికి 10 లక్షలు ఇవ్వాలంది, 2023 అక్టోబర్‌లో దాన్ని 30 లక్షలు చేసింది. ఆ ఇంట్లోవాళ్ళకి ఇది తెలీదు, ఎవరో వచ్చి చేతిలో కొంత పెట్టి తెల్ల కాగితం మీద సంతకం చెయ్యమంటే చెయ్యబోయారంట. ఈవిడ వెళ్ళి ఆ కాగితం లాక్కుని చీర కొంగులో ముడేసుకుని, వకీలు వచ్చేదాకా ఇవ్వను అని గుమ్మంలో కూర్చుంది. హాల్లో చప్పట్లు కొడుతుంటే ఆవిడకి చిరాకేసి, చప్పట్లు తర్వాత కొట్టండి, మీ అపార్ట్‌మెంట్‌లో సెప్టిక్ ట్యాంకు క్లీనింగ్‌కి మనిషిని దింపుతున్నారా మెషిన్ పెడుతున్నారా అది చెప్పండి ముందు అంది. చప్పట్లు ఆగిపోయాయి.

పోయిన ఆగస్టులో (2025) రెండు జోన్ల చెత్త పని ప్రైవేటుకి ఇవ్వొద్దని రిప్పన్ బిల్డింగ్ (కార్పొరేషన్ ఆఫీసు) ముందు పారిశుధ్య కార్మికులు రోజుల తరబడి కూర్చుంటే, 13 అర్ధరాత్రి పోలీసులు లేపేశారు గుర్తుందా, ఆవిడా అక్కడే ఉంది. ఆ బిల్డింగు ముందు బొమ్మగా ఉన్నది మామగారు చెప్పిన త్యాగరాయ శెట్టిగారే. బొమ్మకి దండేసేవాళ్ళు వీళ్ళకి మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు అంది.

మింట్ స్ట్రీట్ మామ:
అమ్మా నువ్వన్నది నిజమే, కాదనను. మన పుస్తకాలు రాసినవాళ్ళు కూడా ఆ ఇళ్ళవాళ్ళే కదా.

లక్ష్మి వడపళని:
ఓటేరి అక్కా, బెజవాడ విల్సన్ గారిని మర్చిపోవద్దు. కేజీఎఫ్‌లో (కోలార్ బంగారు గనుల ఊరు) పారిశుధ్య పని చేసే తెలుగు ఇంట్లో పుట్టి, మనుషులతో మలం ఎత్తించే పని పోవాలని సఫాయి కర్మచారి ఆందోళన్ నడిపారు, 2016లో మెగసెసే అవార్డు వచ్చింది. మన తెలుగు సంఘాలు ఎన్ని ఆయన్ని పిలిచి సన్మానం చేశాయో చూడండి, సింగర్‌కి గోల్డు మెడల్ వచ్చిందంటే మాత్రం ఫ్లెక్సీలు.

అట్లాగే మామగారి లిస్టులో ఆడవాళ్ళు లేరు. దుర్గాబాయమ్మ (దుర్గాబాయి దేశ్‌ముఖ్) ఏం డబ్బున్న ఇంటి పిల్ల? ఎనిమిదేళ్ళకే పెళ్ళి చేశారు, ఆ పెళ్ళిలోంచి బయటికొచ్చి, ఉప్పు సత్యాగ్రహంలో ఈ మద్రాసులోనే జైలుకి పోయి, ఆ తర్వాత కూర్చుని మెట్రిక్ చదివి, లా చదివి లాయరైంది. 1937లో ఆంధ్ర మహిళా సభ పెట్టింది ఇక్కడే, మైలాపూర్‌లో ఆడపిల్లల్ని కూర్చోబెట్టుకుని బెనారస్ మెట్రిక్‌కి చదివించడంతో మొదలు. తను కష్టపడి పాసైన పరీక్షకే పక్క పిల్లల్ని కూడా కూర్చోబెట్టింది, నాకు ఆవిడలో నచ్చేది అదే. రాజ్యాంగ సభ అవన్నీ తర్వాత.

నెల్లూరోడు అంబత్తూరు:
సరే గానీ కౌన్సిలరమ్మ గురించి ఎవరూ రాయట్లేదేంది? నేను ఆవిడ వార్డులోనే ఉంటా (వార్డు నెంబరు చెప్పను, గొడవలొద్దు). రాజకీయ నాయకుల్ని ఈ లిస్టులో కలపడం నాకు నచ్చలా. మిగతా ముగ్గురూ జీతం బత్తెం లేకుండా చేస్తున్నారు, ఈవిడకి పార్టీ ఉంది, ఓటు కావాలి. మా వీధిలో వానకాలువ కోసం తవ్వి వదిలేసి పోయారు, పలక మూత మీద నడిచి ఇంట్లోకి పోతున్నాం, వచ్చి స్టేజీ మీద కథలు చెప్తుంటే ఒళ్ళు మండింది.

పెరంబూర్ పిల్లోడు:
అన్నా నీ కోపం న్యాయమే, క్వశ్చన్ అవర్‌లో నువ్వు లేచి అడిగావు కూడా, ఆవిడ సమాధానం చెప్పింది కదా కాంట్రాక్టు మారింది, నెలాఖరుకి పూర్తి చేయిస్తా, లేకపోతే ఏరియా సభలో (వార్డు జనంతో పెట్టే మీటింగు) అందరి ముందు నిలదియ్యి అని. పాత నటుడు వస్తే నువ్వు ఇట్లా అడగ్గలిగేవాడివా?

ఆవిడ చెప్పిన దాంట్లో నాకు బాగా పట్టింది వేరే. చెన్నైకి 2016 అక్టోబర్ నుంచి 2022 దాకా కౌన్సిలర్లే లేరు, ఎలక్షన్లు జరగలేదు. అప్పుడు ఈవిడ ఇంట్లో టైలరింగ్ చేసుకునే మనిషి. వీధిలో లైటు ఆగిపోయినా, డ్రైనేజీ పొంగినా ఎవరికి చెప్పాలో తెలీక కార్పొరేషన్ కంప్లైంట్ల నెంబరు 1913కి ఫోను చేసి కంప్లైంట్ నెంబరు రాసుకుని, మళ్ళీ మళ్ళీ చేసి, పని అయ్యాక ఆ నెంబరు కొట్టేసేది. మెల్లగా పక్క వీధులవాళ్ళు కూడా ఈవిడకే చెప్పడం మొదలెట్టారు. 2022 ఎలక్షన్లో సగం వార్డులు ఆడవాళ్ళకి అనగానే పార్టీవాళ్ళు ఇంటికొచ్చారు, ఆవిడ కోసం కాదు, వాళ్ళాయనతో మాట్లాడ్డానికి! పోస్టర్లో ఆయన ఫోటో పెద్దది, ఈవిడది స్టాంపు సైజు. గెలిచాక కూడా ఆఫీసర్లు ఆయనకే ఫోను చేసేవాళ్ళు, కాంట్రాక్టర్లు సార్ ఉన్నారా అని వచ్చేవాళ్ళు. ఈవిడ ఒకరోజు పెయింటర్ని పిలిచి ఇంటి గోడ మీద తన పేరు, తన నెంబరు పెద్దగా రాయించి, ఆయన నెంబరు ఉన్న బోర్డు పీకేసింది. ఇంట్లో పెద్ద గొడవైందంట. నేను భార్య చాటు భర్తని అని ఇప్పుడు ఆయనే జోకులేస్తున్నాడు, ముందు వరసలో కూర్చుని నవ్వుతున్నాడు కూడా.

2022 నవంబర్ 1న మొదటిసారి ఏరియా సభ పెట్టినప్పుడు వచ్చినవాళ్ళంతా మగవాళ్ళేనంట, పార్కింగ్ గురించి, కుక్కల గురించి. తర్వాత ఈవిడ రేషన్ షాపు దగ్గర ఆడవాళ్ళు లైన్లో నిలబడే టైముకి పెట్టింది, అప్పుడు నీళ్ళ లారీ సంగతి బయటికొచ్చింది.

లక్ష్మి వడపళని:
2023 డిసెంబర్ మిచాంగ్ తుఫాను గురించి కూడా చెప్పింది, అది రాయలేదే. మోకాలి లోతు నీళ్ళలో పాల ప్యాకెట్లు పంచుతుంటే ఒక పెద్దావిడ ప్యాకెట్ మొహం మీద విసిరికొట్టి నిన్ను గెలిపించింది ఇందుకా అందంట. ఈవిడ ఏం అనకుండా ఇంకో ప్యాకెట్ ఇచ్చి పక్కింటికి పోయింది. ఆ రాత్రి రాజీనామా చేద్దామనుకున్నా అంది. ఎందుకు చెయ్యలేదు అని ఎవరో అడిగితే, మర్నాడు పొద్దున పంపు తెప్పించాలి, టైము లేకపోయింది అంది. రాజకీయ నాయకులు ఇట్లా నిజం చెప్తే నాకు భయమేస్తుంది, నమ్మేస్తానేమో అని 😀

నెల్లూరోడు అంబత్తూరు:
సరే నెలాఖరు దాకా చూస్తా. పలక ఫోటో ఇక్కడే పెడతా.

గుమ్మిడిపూండి గురువు:
నేను రిటైర్డ్ హెడ్మాస్టర్ని, ఆ టీచరమ్మ నాకు తెలుసు కాబట్టి రాస్తున్నా, కొంచెం పెద్దదవుద్ది, ఓపిక చేసుకోండి. 2006లో తమిళం నేర్పే చట్టం వచ్చింది, ఒకటో క్లాసు నుంచి ఏడాదికో క్లాసు చొప్పున పెంచుకుంటూ 2015-16కి పదో క్లాసుకి చేరింది. అప్పటిదాకా తెలుగు ఫస్ట్ లాంగ్వేజిగా రాసుకునే పిల్లలు తమిళం పేపర్ రాయాలి. మా భాషా మైనారిటీ సంఘాలు కోర్టుకి వెళ్ళాయి, మినహాయింపులు తెచ్చుకున్నాయి, అదంతా పెద్దవాళ్ళ పోరాటం, అవసరమే. కానీ ఈ టీచరమ్మ క్లాసులో ఉన్న పిల్లలు బిల్డింగ్ మేస్త్రీల పిల్లలు, చెత్త బండి తోసేవాళ్ళ పిల్లలు, కోర్టు తీర్పు ఏం వస్తుందో అని మార్చి దాకా కూర్చుంటే వాళ్ళ సంవత్సరం పోతుంది. ఈవిడ ఏం చేసిందంటే తనే తమిళం అక్షరాల పుస్తకం కొనుక్కుని, సాయంత్రం బడి అయ్యాక పిల్లలతో పాటు కూర్చుని నేర్చుకుంటూ నేర్పింది. పొద్దున తెలుగు పద్యం, సాయంత్రం తిరుక్కురళ్.

తెలుగు సంఘం పెద్దలు కొందరు ఆవిడ మీద ఎగిరారు, మేం కేసు వేస్తుంటే నువ్వు తమిళం నేర్పి మా కేసు వీక్ చేస్తున్నావా అని. నిన్న స్టేజీ మీద ఆ పెద్దల్లో ఒకాయన కూడా ఉన్నాడు, ఆయన ముందే చెప్పింది. మీరు కేసు గెలవండి నేను దండం పెడతా, అప్పటిదాకా నా పిల్లలు ఫెయిల్ కాకూడదు అంది. ఆయన నేల చూశాడు.

మే నెలలో ఎండలో ఇల్లిల్లూ తిరిగి పిల్లల్ని చేర్పించుకునేది. పిల్లలు తగ్గితే తెలుగు సెక్షన్ ఎత్తేస్తారు కాబట్టి. ఇంగ్లీషు మీడియంలో వేస్తామండీ అనే తల్లులతో వాదించేది కాదు, మీ అత్తగారు ఊరి నుంచి ఉత్తరం రాస్తే ఎవరు చదువుతారు అనేది మొదట్లో, తర్వాత ఉత్తరాలు పోయాయి, అప్పుడు తిరుపతి కొండ మీద బోర్డులు ఎవరు చదువుతారు అని మార్చింది.

మింట్ స్ట్రీట్ మామ:
నాకు ఇందులో ఒక అభ్యంతరం ఉందండీ. తమిళం నేర్చుకోవడం తప్పని ఎవరన్నారు, మేమంతా తమిళం మాట్లాడేవాళ్ళమే. కానీ హక్కు ఒకసారి వదిలేస్తే మళ్ళీ రాదు. 1952లో పొట్టి శ్రీరాములు గారు రాయపేట హైరోడ్‌లో బులుసు సాంబమూర్తి గారింట్లో అక్టోబర్ 19న నిరాహారదీక్ష మొదలుపెట్టి డిసెంబర్ 15న ప్రాణం వదిలింది భాష కోసమే. ఆ ఇల్లు ఇప్పుడు స్మారకంగా ఉంది. టీచరమ్మ మంచి మనిషే, కాదనను, కానీ ప్రతివాళ్ళూ సర్దుకుపోతే చివరికి తెలుగు సెక్షన్ ఉండదు.

గుమ్మిడిపూండి గురువు:
మామగారూ, దీక్ష చేసిందెందుకు, రాష్ట్రం వచ్చింది, మద్రాసు ఇక్కడే ఉండిపోయింది, మనమూ ఇక్కడే ఉండిపోయాం. ఇక్కడ ఉండిపోయినవాళ్ళ పిల్లలకి రెండూ కావాలి. ఆవిడ తెలుగు సెక్షన్ వదల్లేదు, దాన్ని నిలబెట్టడానికే ఎండలో తిరిగింది. సర్దుకుపోవడం కాదు అది.

ఓటేరి అక్క:
నేను ఆ టీచర్ దగ్గర చదివినదాన్నే. తమిళంలో 50 చిల్లర వచ్చాయి, పాస్. ఇప్పుడు అమ్మ జీతం స్లిప్పు, తాసీల్దార్ ఆఫీసు కాగితాలు, అన్నీ నేనే చదువుతా. మామగారు కోప్పడకండి, నేను తెలుగు కూడా ఇక్కడ తప్పుల్లేకుండానే రాస్తున్నాగా.

మింట్ స్ట్రీట్ మామ:
నాకన్నా బాగా రాస్తున్నావు తల్లీ. నేను ఫోన్లో మాట్లాడితే అదే టైపు చేస్తుంది.

అడ్మిన్:
భాష మీద చర్చకి వేరే థ్రెడ్ ఉంది, అక్కడికి వెళ్ళండి ప్లీజ్. ఇక్కడ సభ గురించే. వచ్చే ఏడాదికి ఎవర్ని పిలవాలో పేర్లు ఇక్కడ బహిరంగంగా రాయొద్దు, వాళ్ళని అడిగి కమిటీకి పంపండి.

నెల్లూరోడు అంబత్తూరు:
శాలువాలు మాత్రం ఈసారీ కప్పారు. ఆ యూనియన్ అక్క ఏం చేసిందో చూశారా, అక్కడే మడతపెట్టి దీనికి బదులు చేతి తొడుగులు ఇవ్వండి, మా లైన్లో ఆడవాళ్ళకి అంది. కమిటీ సెక్రటరీ ముఖం చూడాలి.

పెరంబూర్ పిల్లోడు:
చేతి తొడుగులకి చందా మొదలైంది, కమిటీ గ్రూపులో ఉంది. రబ్బరువి కాదు, మందంవి కావాలంట, గాజు ముక్కలు గుచ్చుకుంటున్నాయని. సైజు కూడా ఆడవాళ్ళది, ఇప్పటిదాకా ఇచ్చేవన్నీ మగవాళ్ళ సైజంట, ఊడిపోతున్నాయి.

కోడూరు కుర్రోడు:
అన్నా నేను ఈ గుంపులో కొత్త. రైల్వే కోడూరు మాది. మా నాయనకి గొంతు దగ్గర గడ్డ, తిరుపతిలో చూపిస్తే చెన్నైకి పొమ్మని రాసిచ్చినారు. నాకు తమిళం ఒక్క ముక్క రాదు. ఆ బాబాయిని కలవాలంటే ఎట్లన్నా? డబ్బులేమన్నా ఇయ్యాల్నా?

పెరంబూర్ పిల్లోడు:
తమ్ముడూ డబ్బు మాటెత్తితే బాబాయి తిడతాడు. నీకు మెసేజ్ పెట్టా చూడు, ఆయన్ని అడిగే నెంబరు ఇస్తున్నా. తిరుపతిలో రాసిన కాగితం ఒరిజినల్, రక్తపరీక్షల రిపోర్టులు, స్కాన్ ఫిల్ములు మడవకుండా, ఇద్దరి ఆధార్, రేషన్ కార్డు, అన్నీ రెండేసి జిరాక్సులు. ఆరోగ్యశ్రీ కార్డు కూడా తెచ్చుకో, ఆ స్కీము పేరు మారింది గానీ 2019 నవంబర్‌లో చెన్నైలో కొన్ని ఆసుపత్రుల్లో కొన్ని జబ్బులకి మొదలుపెట్టారు, ఇప్పుడు మీకు వర్తిస్తుందో లేదో బాబాయి కనుక్కుంటాడు.

కోడూరు కుర్రోడు:
మెసేజ్ చూసినానన్నా, బాబాయితో మాట్లాడినా. సోమవారం తెల్లారి రైలు దిగుతాం. నాయన పచ్చ కండువా కప్పుకోనుంటాడు, గుర్తుకి చెప్పినా.

ఓటేరి అక్క:
ఫైలు నువ్వు పట్టుకో తమ్ముడూ, నాన్నకివ్వకు. ఉండడానికి చోటు దొరక్కపోతే నాకు మెసేజ్ పెట్టు, మా లైన్లో ఒక గది ఖాళీగా ఉంది, బాత్రూం బయట, నీళ్ళు పొద్దున మాత్రమే వస్తాయి.